విమానాశ్రయ భద్రతా తనిఖీ: పాలమూరు, నల్లగొండ ప్రయాణికులకు ఇంటి నుంచి గేటు దాకా సమగ్ర మార్గదర్శి

శంషాబాద్ విమానాశ్రయంలో చేతి సంచుల తనిఖీ దగ్గర పది నిమిషాలు నిలబడి గమనిస్తే, ఎవరి సంచిని పక్కకు లాగుతారో మనమే ముందుగా చెప్పగలుగుతాం. స్టీలు డబ్బా మీద చార్జర్ తీగలు చుట్టి, దాని కింద చింతపండు ముద్ద పెట్టి, పక్కన మందుల సంచి కుక్కిన బ్యాగు దాదాపు ప్రతిసారీ ఆగుతుంది. అందులో నిషిద్ధ వస్తువు ఒక్కటీ ఉండకపోవచ్చు. యంత్రం ముందు కూర్చున్న వ్యక్తికి లోపలిది స్పష్టంగా కనిపించకపోవడమే అక్కడి చిక్కు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులనూ, దుబాయి, మస్కట్‌లకు పనికి పోయే మా ఊరివాళ్ళనూ కొన్నేళ్లుగా విమానం ఎక్కిస్తూ వచ్చిన అనుభవంతో నాకు అర్థమైనది ఒకటే: తనిఖీ సాఫీగా సాగడమనేది ముప్పాతిక వంతు ఇంట్లో, ముందు రోజు రాత్రే తేలిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో విమానాశ్రయం కంటే వంటింటికే ఎక్కువ చోటు దక్కింది.

మొదటి అడుగు: యంత్రం ఏమి చూస్తుందో తెలుసుకోవడం

సంచులను చూసే ఎక్స్‌రే యంత్రం వస్తువుల పేర్లు చెప్పదు. కిరణాలను ఏ వస్తువు ఎంతమేరకు అడ్డుకుంటుందో కొలిచి, తెర మీద రంగులుగా చూపుతుంది. తిండి పదార్థాలు, బట్టలు, కాగితం, ప్లాస్టిక్ వంటివి నారింజ రంగులో, లోహాలు నీలి రంగులో, మధ్యస్థంగా ఉండేవి ఆకుపచ్చలో కనిపిస్తాయి. కిరణాలు చొరబడలేనంత దట్టమైన వస్తువు నల్లటి మచ్చగా మిగులుతుంది. పేలుడు పదార్థాల్లో చాలావరకు నారింజ రంగులోనే కనిపిస్తాయి కనుక, గట్టిగా అదిమిన చింతపండు, బెల్లం ముద్ద, మలీద ముద్దల డబ్బా వంటివి తీగలకూ బ్యాటరీలకూ ఆనుకొని కనిపించినప్పుడు తనిఖీ సిబ్బంది సంచి తెరవమనడంలో ఆశ్చర్యం లేదు. అది మన మీద అనుమానం అనుకుని నొచ్చుకోనక్కర్లేదు.

మనుషులు నడిచి వెళ్ళే లోహ శోధక ద్వారంలో ఎక్స్‌రే ఉండదు. అది అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును బట్టి లోహాన్ని పసిగడుతుంది. గర్భిణులు ఆ ద్వారం గుండా వెళ్ళడానికి భయపడనవసరం లేదు. కొన్ని విమానాశ్రయాల్లో చేతులు పైకెత్తి నిలబడవలసిన పూర్తి శరీర స్కానర్లు ఉంటాయి. అవి మిల్లీమీటర్ తరంగాలతో పనిచేస్తాయి కనుక లోహం కానివాటిని, అంటే జేబులో మరిచిపోయిన దస్తీని, నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిని కూడా పట్టుకుంటాయి. పైసలను నడుము సంచిలో దాచుకుని వెళ్ళే అలవాటున్న పెద్దవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

రెండో అడుగు: పెద్ద పెట్టె, చేతి సంచి విభజన

ఏ వస్తువు ఎందులో పెట్టాలన్న నిర్ణయమే మొత్తం ప్రయాణానికి కీలకం, మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే. ముందుగా పవర్ బ్యాంకు సంగతి చూద్దాం. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచాలి. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే ప్రయాణికుల మధ్య అయితే సిబ్బంది ఆర్పగలుగుతారు, సరుకు అరలో అయితే అక్కడికి ఎవరూ చేరలేరు. 100 వాట్-అవర్ల లోపు పవర్ బ్యాంకుకు ఇబ్బంది లేదు, 100 నుంచి 160 మధ్య అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. పవర్ బ్యాంకు మీద సాధారణంగా మిల్లీయాంపియర్-అవర్లే పెద్ద అక్షరాల్లో ఉంటాయి కనుక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి: ఆ సంఖ్యను 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. అంటే 20,000 అని రాసి ఉన్నది 74 వాట్-అవర్లు, అనుమతించే పరిధిలోనిదే. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును ఇంట్లోనే వదిలేయడం మేలు.

ఇక తిండి. మామిడికాయ తొక్కు, నెయ్యి, కారం పొడి, నూనె తేలే ఏ పచ్చడైనా పెద్ద పెట్టెలోకే వెళ్ళాలి. అంతర్జాతీయ విమానాల్లో చేతి సంచిలో ద్రవాలు, జిగురు పదార్థాలు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శక సంచిలో ఇమడాలి. 2006 ఆగస్టులో లండన్ నుంచి బయలుదేరే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతో కూల్చాలన్న కుట్ర బయటపడిన తర్వాత ప్రపంచమంతటా వచ్చిన నియమం ఇది. ఇందులో లెక్కకు వచ్చేది సీసా పరిమాణం. 200 మిల్లీలీటర్ల కొబ్బరినూనె సీసాలో అడుగున రెండు చెంచాలే మిగిలినా దాన్ని తీసి పక్కన పెడతారు. తొక్కు, నెయ్యి, పెరుగు, తేనె, పేస్టు అన్నీ ఈ లెక్కలో ద్రవాలే. పసిపిల్లల పాలు, ప్రయాణంలో అవసరమైన మందులు మాత్రం మినహాయింపు పొందుతాయి. మందులకు డాక్టరు చీటీ జత చేయాలి. దేశీయ విమానాల్లో ఈ 100 మిల్లీలీటర్ల పట్టింపు ఇంత కఠినంగా ఉండదు, అయినా కారం పొడిని మాత్రం అక్కడ కూడా చేతి సంచిలో ఉంచకూడదు.

సకినాలు, గారెలు, పల్లి పట్టీలు, జొన్న రొట్టెలు వంటి గట్టి పదార్థాలు చేతి సంచిలో నిశ్చింతగా వెళతాయి. వాటిని స్టీలు డబ్బాలో కాకుండా పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలోనో కవరులోనో పెట్టాలి. అమెరికా వెళ్ళేవారు కందిపొడి, నువ్వుల పొడి, బియ్యప్పిండి వంటి వాటిని పెద్ద పెట్టెలోనే సర్దుకోవాలి, ఎందుకంటే 2018 నుంచి ఆ దేశానికి వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్ల పరిమాణానికి మించిన పొడులకు అదనపు తనిఖీ ఉంటుంది, తేల్చలేకపోతే వాటిని చేతి సంచిలో వెళ్ళనివ్వరు.

ఎండుకొబ్బరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు దీన్ని అసలు ఊహించరు. నూనె శాతం ఎక్కువగా ఉండే ఎండుకొబ్బరి తనంతట తాను వేడెక్కి అంటుకునే స్వభావం గలది కనుక దాన్ని పెద్ద పెట్టెలో అనుమతించరు. కర్పూరం కూడా మండే పదార్థమే. ఒడిబియ్యంలోనో పూజ సామగ్రిలోనో కుడుకలు, కర్పూరం బిళ్ళలు కలిసిపోయి పెట్టెలోకి వెళ్ళకుండా చూసుకోవాలి. అగ్గిపెట్టె, లైటరు రెండింటిలోనూ వద్దు, బీడీ అలవాటున్న పెద్దాయన జేబు ఒకసారి తడిమి చూసుకోవాలి. కొబ్బరికాయను కూడా చేతి సంచిలో మామూలుగా అనుమతించరు. శబరిమల వెళ్ళే అయ్యప్ప భక్తుల ఇరుముడిలోని కొబ్బరికాయకు 2024 అక్టోబరులో ఆ సీజన్ వరకే ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు కనుక, ఆ తర్వాతి సంవత్సరాల్లో మాల వేసుకున్నవారు ప్రయాణానికి ముందే విమాన సంస్థను అడిగి తెలుసుకోవాలి. అడకత్తెర, కత్తి, కత్తెర, స్క్రూడ్రైవర్ పెద్ద పెట్టెలోకి.

గల్ఫ్ వెళ్ళేవారికి మరొక హెచ్చరిక ఉంది. గసగసాలు మన వంటింట్లో మసాలా దినుసు, యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో మాత్రం నిషిద్ధ మాదకద్రవ్యంతో సమానం. ఇక్కడి భద్రతా తనిఖీలో అవి దొరకకపోవచ్చు, అక్కడి కస్టమ్స్ తనిఖీలో దొరికితే జైలు పాలు కావచ్చు. ట్రామడాల్, కోడీన్ కలిసిన నొప్పి, దగ్గు మందులదీ అదే సంగతి. దీనికి తోడు పల్లెల్లో ఒక అలవాటు ఉంది: ఊరి నుంచి ఒకరు వెళుతున్నారంటే, అక్కడున్న తమవాళ్ళకు ఇవ్వమని నలుగురు నాలుగు పొట్లాలు తెచ్చిపెడతారు. మొహమాటానికి పోయి కుట్టేసిన పొట్లాన్ని తీసుకోవద్దు. "నేను విప్పి చూసి, నా చేత్తో సర్దుకుంటాను" అని చెప్పండి. ఇచ్చినవారు నిజంగా మంచివారే అయితే ఆ మాటకు నొచ్చుకోరు.

మూడో అడుగు: సంచిని సర్దే పద్ధతి

చేతి సంచిలో ల్యాప్‌టాప్, ట్యాబ్, పవర్ బ్యాంకు, చార్జర్లు పైనే ఉండాలి, వాటిని విడిగా ట్రేలో పెట్టమంటారు. తీగలన్నీ ఒక చిన్న సంచిలో చుట్టి ఉంచాలి. మందులు మరొక కవరులో, తిండి ఇంకొక కవరులో ఉంటే, ఎవరైనా తెరవమన్నా అరనిమిషంలో చూపించి మళ్ళీ సర్దుకోవచ్చు.

రైతు కుటుంబాలవారు పట్టించుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కొన్నిసార్లు సిబ్బంది చిన్న గుడ్డముక్కతో సంచిని, చేతులను తుడిచి యంత్రంలో పెడతారు. పేలుడు పదార్థాల సూక్ష్మ అవశేషాలను అది వెతుకుతుంది. నైట్రేట్లు ఉన్న ఎరువులు, గ్లిజరిన్ కలిసిన చేతి క్రీములు, గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ మాత్రలు కూడా దానికి అనుమానం కలిగించగలవు. పొద్దున చేనుకు ఎరువు చల్లి సాయంత్రం విమానం ఎక్కే పెద్దవారు చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. ఎరువు మోసిన సంచిని ఎంత దులిపినా ప్రయాణానికి వాడవద్దు. యంత్రం మోగితే భయపడకుండా, వ్యవసాయం చేస్తామనీ, ఫలానా మందు వాడతామనీ చెప్పాలి. మళ్ళీ తుడిచి, సంచి తెరిచి చూసి పంపిస్తారు.

నాలుగో అడుగు: ఒంటి మీద ఏముంది

పుస్తెలతాడు, చిన్న కమ్మలు సాధారణంగా చిక్కు తేవు. వెండి కడియాలు, మట్టెలు, బరువైన గాజులు, మగవారి వెండి మొలతాడు, రాగి తాయెత్తు, పెద్ద బకిల్ బెల్టు ద్వారాన్ని మోగిస్తాయి. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చే పెద్ద వయసు లంబాడా మహిళల ఒంటి మీది వెండి అంత తేలికగా తీయగలిగింది కాదు. తీయవలసిన పని కూడా లేదు, చేతి శోధకంతో చూస్తారు, కొంచెం ఎక్కువ సమయం పడుతుంది అంతే. మన దేశంలో ద్వారం మోగినా మోగకపోయినా ప్రతి ఒక్కరినీ చేతి శోధకంతో చూడటం మామూలు. మహిళలను తెర కట్టిన గదిలో మహిళా సిబ్బందే తనిఖీ చేస్తారు. మొదటిసారి వెళ్ళే అమ్మలకు ఈ మాట ముందే చెబితే సగం బెరుకు పోతుంది.

ఐదో అడుగు: దారి, సమయం

మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవారికి ఒక సౌలభ్యం ఉంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ జాతీయ రహదారిలో సుమారు 80 కిలోమీటర్లు ప్రయాణిస్తే, నగరంలోకి అడుగుపెట్టకుండానే శంషాబాద్ చేరుకుంటారు. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడం మంచిది. సంక్రాంతి రోజుల్లో పంతంగి టోల్ గేటు దగ్గర వాహనాల బారు ఎంత ఉంటుందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కర్లేదు, ఆ వారంలో ప్రయాణమైతే రెండు గంటలు అదనంగా వేసుకోవాలి. అంతర్జాతీయ విమానానికి మూడు నుంచి నాలుగు గంటల ముందు, దేశీయానికి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి.

ఆరో అడుగు: ప్రవేశ ద్వారం, పెద్ద పెట్టె

ద్వారం దగ్గర కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) జవాను టికెట్టునూ గుర్తింపు పత్రాన్నీ సరిచూస్తారు. ఇక్కడ మన ఇంటిపేర్లతో ఒక పేచీ వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, టికెట్టులో పూర్తిగా, పాస్‌పోర్టులో చివరగా ఉంటే అక్కడ వాదన మొదలవుతుంది. టికెట్టు కొనేటప్పుడే, వెంట తీసుకెళ్ళబోయే పత్రంలో ఉన్నది ఉన్నట్టుగా పేరు రాయించాలి. దేశీయ ప్రయాణాలకు 2023 నుంచి హైదరాబాద్‌లోనూ డిజియాత్ర అందుబాటులో ఉంది, ముఖం చూపి లోపలికి వెళ్ళవచ్చు. దానివల్ల ప్రవేశం దగ్గరి వరుస తప్పుతుంది, చేతి సంచి తనిఖీ మాత్రం తప్పదు.

పెద్ద పెట్టెను కౌంటరులో ఇచ్చాక అది లోపల బెల్టు మీద వెళుతూ తనిఖీ అవుతుంది. అనుమానం వస్తే పేరు పిలుస్తారు. కనుక పెట్టె ఇచ్చిన వెంటనే హడావుడిగా ముందుకు పోకుండా, ప్రకటనలు, ఫోను గమనిస్తూ ఉండాలి. పిలిచినప్పుడు వెళ్ళకపోతే పెట్టె ఇక్కడే ఉండిపోయి మనిషి ఒక్కరే అక్కడ దిగే ప్రమాదం ఉంది.

దీనికి తిరగేసినది కూడా నిజమే. పెట్టె ఎక్కి మనిషి ఎక్కకపోతే ఆ పెట్టెను వెతికి దింపేదాకా విమానం కదలదు. 1985 జూన్ 23న 329 మందిని బలిగొన్న ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో బాంబు ఉన్న పెట్టె ఎక్కింది, దాన్ని ఇచ్చిన వ్యక్తి ఎక్కలేదు. ఆ రోజు టొరంటోలో ఎక్స్‌రే యంత్రం చెడిపోతే చేతి పరికరంతో సరిపెట్టారు. పౌర విమానయాన భద్రతా విభాగం 1987లో మన దేశంలో స్వతంత్ర శాఖగా ఏర్పడటం వెనుక ఉన్నది ఆ దుర్ఘటనే. "ఒక్క మనిషి రాలేదని అందరినీ ఆపుతారా" అని విసుక్కునే తోటి ప్రయాణికులకు చెప్పదగిన జవాబు ఇది.

ఏడో అడుగు: ట్రే దగ్గర

వరుసలో ఉండగానే ఫోను, పర్సు, తాళాలు, వాచీ, బెల్టు తీసి సంచి జేబులో వేసి జిప్పు పెట్టేయాలి. ట్రేలో విడిగా వేస్తే, మన వస్తువులు ముందుగా అవతలికి చేరి మనం ఇంకా తనిఖీలో చిక్కుకున్నప్పుడు మనసు నిలవదు. బోర్డింగ్ పాసు మాత్రం చేతిలో ఉంచుకోవాలి. సంచి యంత్రంలోకి వెళ్ళేదాకా ట్రే దగ్గరే నిలబడి, ఆ తర్వాతే ద్వారం వైపు కదలాలి. చేతి సంచికి ట్యాగు కట్టి ముద్ర వేసే పద్ధతి హైదరాబాద్ సహా కొన్ని విమానాశ్రయాల్లో 2017లోనే తొలగింది కనుక ముద్ర పడలేదని కంగారుపడి వెనక్కి రానక్కర్లేదు.

సరదాకైనా బాంబు అనే మాట నోట రాకూడదు. పోలీసు కేసు దాకా వెళుతుంది, విమానం ఎటూ తప్పిపోతుంది.

ఎనిమిదో అడుగు: సంచిని పక్కన పెడితే

మనమే చెయ్యి పెట్టి గబగబా తీయడం మొదలుపెట్టవద్దు. ఏది చూడాలని అడుగుతున్నారో విని, చెప్పినప్పుడే తెరవాలి. ఏదైనా వస్తువును అనుమతించకపోతే, సమయం ఉంటే వెనక్కి వెళ్ళి పెద్ద పెట్టెలో వేయించుకోవడానికో, బయట ఉన్న ఇంటివారికి ఇవ్వడానికో అవకాశం అడగవచ్చు. అందుకే సాగనంపడానికి వచ్చినవారు, భద్రతా తనిఖీ దాటామన్న ఫోను వచ్చేదాకా వెళ్ళిపోకూడదు. ఒకసారి ఒక విదేశీ విమానాశ్రయంలో మా బంధువుల అమ్మ చేతిలోని నెయ్యి డబ్బా తీసి చెత్తబుట్టలో వేశారు. ఆమె ఆ డబ్బా కంటే, ఎందుకు వేశారో ఎవరూ ఒక్క మాట చెప్పలేదని ఎక్కువ బాధపడింది. భాష తెలియని వారికి వివరించే మనిషి లేకపోవడం ఈ వ్యవస్థలో నాకు కనిపించే పెద్ద లోపం.

ఆరోగ్య సమస్యలున్నవారు

పేస్‌మేకర్ ఉన్నవారు దాని కార్డు చూపించి, శోధకాన్ని ఛాతీ మీద ఆపి ఉంచవద్దనీ, చేత్తో తడిమి చూడమనీ అడగాలి. మోకాలి చిప్ప మార్పిడి జరిగినవారికి ద్వారం మోగుతుంది, ఆసుపత్రి పత్రం ఉంటే మాట తేలిక. ఇన్సులిన్, సూదులు చేతి సంచిలోనే చీటీతో సహా ఉండాలి. కృత్రిమ అవయవాలు ఉన్నవారి అనుభవం వేరు. నర్తకి సుధా చంద్రన్ 2021 అక్టోబరులో, ప్రతి తనిఖీలోనూ తన కృత్రిమ కాలును తీయమంటున్నారని బహిరంగంగా వాపోయిన తర్వాత సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఇలాంటివారు ప్రత్యేక గదిలో తనిఖీ కోరవచ్చు, వెంట ఒకరిని ఉండనివ్వమని అడగవచ్చు.

ఇంత తనిఖీ వల్ల ఫలితం ఉందా

ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. పోయినసారి వదిలిన వస్తువును ఈసారి ఎందుకు ఆపారన్నది దాని తోబుట్టువు. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి ఢిల్లీ రావలసిన ఐసీ-814 విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేసిన తర్వాత, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి సీఐఎస్‌ఎఫ్‌కు విమానాశ్రయాల భద్రత అప్పగించారు. ఆయుధంతో విమానం ఎక్కడం అప్పటికంటే ఇప్పుడు చాలా కష్టమన్నది కాదనలేం. అయినా యంత్రాల మీద గుడ్డి నమ్మకం కుదరదు. అమెరికాలో 2015లో రహస్య పరీక్షకులు నకిలీ బాంబులు, ఆయుధాలతో 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు తనిఖీని దాటిపోయారని బయటపడింది. గంటల తరబడి తెరను చూసే కన్ను అలసిపోతుంది. అందుకే యంత్రాలు నడుమ నడుమ ఉత్తుత్తి తుపాకీ బొమ్మలను తెర మీదికి వదిలి చూసేవారి అప్రమత్తతను పరీక్షించే ఏర్పాటు కూడా ఉంది. నా అభిప్రాయంలో ఈ తనిఖీ బలం ఏ ఒక్క యంత్రంలోనూ లేదు, ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న అడ్డంకుల్లో ఉంది. వాటిలో కొన్ని ఎప్పుడు ఎవరికి ఎదురవుతాయో తెలియకుండా ఉంచడం కూడా అందులో భాగమే. అలాగని సిబ్బంది దురుసుతనానికి అది సాకు కాదు. మర్యాద తప్పితే తేదీ, సమయం, గేటు రాసుకుని ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

చివరి అడుగు: మధ్యలో విమానం మారేటప్పుడు

దోహా, దుబాయి, అబుదాబి వంటి చోట్ల విమానం మారేవారికి మళ్ళీ తనిఖీ ఉంటుంది. హైదరాబాద్‌లో తనిఖీ తర్వాత కొన్న నీళ్ల సీసా కూడా అక్కడ చెత్తబుట్టలోకే వెళుతుంది. డ్యూటీ ఫ్రీలో కొన్న ద్రవాలు ముద్ర వేసిన సంచిలో, రసీదుతో సహా తెరవకుండా ఉండాలి. ఒంటరిగా వెళ్ళే అమ్మానాన్నలకు వీల్‌చైర్ సహాయం ముందే అడిగి పెట్టడం మంచిది, నడవలేక కాదు, దారి చూపే మనిషి తోడు ఉంటాడని. వారి చేతికి ఇంగ్లిషులో, హిందీలో ఒక కాగితం రాసి ఇవ్వాలి: తెలుగు మాత్రమే వచ్చు, మోకాలికి లోహం వేశారు, ఈ మందులు వాడతారు, చేరవలసిన ఊరు ఇది, కొడుకు ఫోను నంబరు ఇది. తిరుగు ప్రయాణంలోనూ ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి కనుక ఆ కాగితాన్ని పాస్‌పోర్టు కవరులోనే ఉంచాలి.